బేత్లెహేము తల్లులు

డిసెంబర్ రెండో ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో నా భార్యకూ ఆమె తమ్ముడికీ మధ్య జరిగిన వాదన ఇది. నేను పక్కనే మంచం మీద పడుకుని ఉన్నాను. బీపీ, షుగరు కలిసి నా రెండు కిడ్నీలనూ తినేశాయి. మంగళ, గురు, శనివారాలు తెల్లవారకముందే కీసర నుంచి ఈసీఐఎల్ వైపు డయాలిసిస్‌కు పోతాను. ఈసారి క్రిస్మస్ గురువారం వచ్చింది. మాట ఆ గురువారం దగ్గర మొదలు కావాల్సింది గానీ, అల్మారా మీద ఉన్న ఒక చిన్న నూనె సీసా దగ్గర మొదలైంది.

నా బామ్మర్ది ల్యాబ్ టెక్నీషియన్. వాళ్లమ్మ పోయాక చర్చికి రావడం మానేశాడు. నా భార్య ఒక్క ఆదివారం కూడా మానలేదు. వాళ్లు మాట్లాడుకున్నది నా గురించే అయినా చాలాసేపు నన్ను కదిలించలేదు. అదే మంచిదైంది. రాత్రిళ్లు నాలోపల కొట్లాడుకునే రెండు గొంతులూ ఆ పూట బయట, పగటి వెలుగులో వినబడ్డాయి.

తమ్ముడు: ఈ నూనె సీసా ఎవరు తెచ్చిన్రు అక్కా?

అక్క: పొద్దున ఒకామె ఇచ్చిపోయింది. మన సంఘం ఆమె కాదు. స్వస్థత సభ ఉన్నదట, కరపత్రం గూడ పెట్టింది.

తమ్ముడు: నువ్వు తీసుకున్నవా?

అక్క: ఇంటికొచ్చి చేతిల పెడితే వద్దని మొఖం మీద ఎట్లంట? తీసుకున్న. ఆయనకు రాయలే.

తమ్ముడు: రాసినా ఏం కాదు. నూనెతోని ఎవ్వరూ చావరు. నూనె వెనక వచ్చే మాటతోని చస్తరు. అమ్మకు ఏం చెప్పిన్రో యాదికుందా? గోళీలు మింగుతున్నవంటే ఇంకా పూర్తిగ నమ్మనట్టే అన్నరు. అమ్మ షుగర్ గోళీలు బియ్యం డబ్బాల దాచిపెట్టి, మింగిన బిడ్డా అని మనకు చెప్పింది. కాలి వేలు నల్లవడ్డంక గని మనకు తెల్వలే. అప్పటికే విషం రక్తంలకు ఎక్కింది. షుగరు, క్యాన్సరు అసుంటి రోగాలు మంత్రాలతోని, మహిమలతోని తగ్గిస్తమని ప్రకటన చేయొద్దని 1954లనే చట్టం చేసిన్రు. ఇన్నేండ్లయినా గోడల మీద పోస్టర్లు చూస్తనే ఉన్నం.

అక్క: అమ్మను అట్ల చేసినోళ్లది తప్పు. దేవుని పేరు చెప్పి ఆ తప్పును నేను కప్పిపెట్ట. నీకంటె నాకు తక్కువ మండలేదురా. ఆ డబ్బాల బియ్యం పోస్తుంటె గోళీల పట్టీలు బయటపడ్డది నా చేతులకే. గని వాళ్లు బైబిలు సగమే చదివిన్రు. హిజ్కియా రాజు గోడ దిక్కు తిరిగి ఏడ్చి ప్రార్థన చేస్తే దేవుడు విన్నడు. ఆ వెంటనే యెషయా ఏం చేయమన్నడు? అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టుమన్నడు. సువార్త రాసిన లూకా ఎవరు? వైద్యుడు. ఎంతోమందిని బాగుచేసిన పౌలు, త్రోఫిము జబ్బుపడితే మిలేతుల విడిచిపెట్టి వచ్చిన అని తిమోతికి రాసిండు. త్రోఫిముకు విశ్వాసం చాల్లేదని రాయలే. పౌలుకే పెయ్యిల ముల్లు ఉండె. మూడుసార్లు బతిమిలాడుకున్నడు, పోలే. ఆ సభలల్ల ఈ పేజీలు ఎవ్వరూ తెరువరు.

ఇన్నేళ్లు చర్చికి పోయి కూడా త్రోఫిము పేరు నేను పట్టించుకోలేదు. తర్వాత ఆ పేజీ తీసి చూశాను. ఉత్తరం చివర ఒక్క ముక్క. దాని పక్కనే, చలికాలం రాకముందే వచ్చెయ్యమని పౌలు తిమోతిని అడుగుతాడు. జైల్లో ఉన్న ముసలాయన, మధ్యదారిలో ఆగిపోయిన రోగి, ముంచుకొస్తున్న చలి. మొదటి తరం విశ్వాసుల ఇళ్లలో కూడా మంచాలు ఖాళీగా లేవని ఆ ముక్క చెప్పింది నాకు.

తమ్ముడు: సరే, మందులు మింగొచ్చు. ఒప్పుకున్న. అయితే ఇంకో లెక్క తేలాలె. బాగైతే దేవుని మహిమ, కాకపోతే దేవుని చిత్తం. ఎటు తిప్పినా మీ దేవుడే గెలుస్తడు. మా ల్యాబ్‌ల ఏ రక్తం పెట్టినా ఒక్కటే రిజల్ట్ చూపించే మిషన్ ఉంటే, దాన్ని చెడిపోయిందని పక్కకు పెడతం. ఇంకోటి చెప్తా విను. పక్కింటామె కార్తీక సోమవారం గుట్టెక్కి రామలింగేశ్వరునికి బావ కోసం మొక్కి వచ్చింది. రేపు బావ లేచి తిరిగితే ఎవరి ఖాతాల రాస్తవు?

అక్క: ఆమె మోకాళ్లు నీకు తెల్వదా? మా వాకిట్ల నాలుగు మెట్లు ఎక్కడానికే గోడ పట్టుకుంటది. ఆయన కోసం గుట్టెక్కింది. దిగొచ్చి నాతోని మాట్లాడుతున్నంతసేపు చేతిల కొబ్బరిచిప్ప ఉన్నది. నేను ఏమనకముందే, ఇది అన్నకు పెట్టొద్దట గదా, పొటాషియం ఉంటదట గదా అని కొంగుల మూటకట్టుకున్నది. ఆయన తినేటివి, తినొద్దనేటివి మన చుట్టాలకంటె ఆమెకే ఎక్కువ తెలుసు. నేను ఖాతాలు రాస్తలేను తమ్మీ. నేను నమ్మేది ఏసయ్యను. ఆమె ప్రేమ ఎక్కడికెళ్లి వచ్చిందో ఆయనకు నేను చెప్పే అవసరం లేదు. ఇగ మిషన్ అంటవా, ఆయన రిపోర్టును బట్టి దేవుణ్ణి తేల్చుకుందామనుకుంటే నువ్వన్నది నిజమే. నేను దాని మీద నిలవడలే.

తమ్ముడు: మరి దేని మీద నిలవడ్డవు? క్రిస్మస్ అంటే నిరీక్షణ, సంతోషవార్త అంటరు గదా. ఆ కథే తియ్యి. దూత కలల కనవడి యోసేపుకు చెప్పిండు, హేరోదు పిల్లగాణ్ణి చంపడానికి దేవులాడుతున్నడు, ఐగుప్తుకు పో అని. మంచిదే. ఆ ఊళ్లె మిగిలిన తల్లులకు ఎందుకు చెప్పలే? రెండేండ్ల లోపు మగపిల్లలను ఒక్కణ్ణి మిగలకుండ చంపిన్రు. వాళ్ల ఇండ్లల్ల ఒక్కరికి గూడ కల రాలే. సండే స్కూల్ నాటకంల నాకు ఎప్పుడూ గొర్రెల కాపరి వేషం, భుజాన గొంగడి. జ్ఞానులు కానుకలు ఇయ్యంగనే పరదా దించుతుండె. సైనికులు వచ్చే సీను ఎన్నడన్న పెట్టిన్రా? బావ పక్క మిషన్ మీద ఒక పిల్లగాడు ఉంటుండె చూడు, పాటలు వినుకుంట. పోయిన నెల నుంచి రాలే. వాళ్లమ్మ మొక్కుకోలేదంటవా? నీకంటె తక్కువ ఏడ్చిందంటవా?

ఆ పిల్లగాడి సంగతి నేను ఇంట్లో చెప్పలేదు. బామ్మర్దికి సెంటర్లో తెలిసినట్టుంది. డయాలిసిస్‌కు పోయేవాళ్లకు ఈ వార్తలు ఎవరూ చెప్పరు. ఒకరోజు పక్క కుర్చీలో కొత్త మనిషి కూర్చుంటాడు, అంతే. నర్సు ఏమీ జరగనట్టు బరువు చూసి రాసుకుంటుంది, మనం కూడా అడగం. మా ఆవిడ కొద్దిసేపు ఏం మాట్లాడలేదు.

అక్క: ఎందుకు చెప్పలేదో నాకు తెల్వదు. తెలిసినట్టు ఒక కారణం అల్లితే నేను గూడ కరపత్రం పంచినదాన్నే అయిత. గని ఒకటి చూడు. మత్తయి ఆ సంగతి దాచలే. రాయకపోతే ఎవరు అడుగుదురు? కానుకల ముచ్చట అయిపోయిన పేజీలనే రాసిండు. పైగా యిర్మీయా ప్రవక్త మాట తీసుకొచ్చి పెట్టిండు, పిల్లల కోసం ఏడ్చే రాహేలు ఎవరు ఓదార్చినా ఒప్పుకోలేదని. ఆమెను ఊకోమని అనలే. విశ్వాసం తక్కువని అనలే. ఆ ఏడుపును అట్లనే ఉండనిచ్చిండు, క్రిస్మస్ కథ నడిమిట్ల. మనమే పరదా దించినం. మత్తయి దించలే.

తమ్ముడు: రాసినంత మాత్రాన పిల్లలు తిరిగి వస్తరా?

అక్క: రారు. గని ఆ రోజు తప్పించుకున్న పిల్లగాడు కలకాలం తప్పించుకున్నడా? పెరిగి పెద్దగై సైనికుల చేతులనే పడ్డడు. ఆ రోజు ఏ దూతా దిగి రాలే. తల్లి నిలవడి చూసింది. ఆయన్ని చేతులల్ల పెట్టుకున్నప్పుడే సుమెయోను చెప్పిండు గదా, నీ గుండెలకెళ్లి కత్తి దూసుకపోతదని. మరియ బేత్లెహేము తల్లులకంటె ఎక్కువ అదృష్టవంతురాలని నువ్వనుకుంటున్నవు. వాళ్లకు పడ్డ దెబ్బే ఆమెకూ పడ్డది, కొన్నేండ్లు ఆలస్యంగ. నేను నమ్మే దేవుడు దూరంగ కూసుండి ఎవరికి కల పంపాలె, ఎవరికి పంపొద్దు అని చూసేటోడు కాదు. ఆ చచ్చే పిల్లల వరుసలకే వచ్చి పుట్టినోడు.

తమ్ముడు: ఇది జవాబు కాదక్కా. తోడు ఏడ్చుడు.

అక్క: అవును. జవాబు కాదు.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పాలి. నా బామ్మర్ది అడిగిన ప్రశ్న నన్ను కుంగదీయలేదు, ఊపిరి తీసుకోనిచ్చింది. జబ్బు పడ్డప్పటి నుంచి నన్ను చూడటానికి వచ్చినవాళ్లు చాలామంది ఒక కారణం పట్టుకుని వచ్చారు. దేవుడు నిన్ను పరీక్షిస్తున్నాడు, ఏదో నేర్పిస్తున్నాడు, సాక్ష్యం కోసం నిలబెట్టాడు. వాళ్లు వెళ్లాక నాకు దప్పిక ఎక్కువయ్యేది. రోజుకు కొలిచి పోసిన నీళ్లే తాగాలి. మాత్రలకు, చాయ్‌కి, కూరలో పులుసుకు కూడా అందులోంచే లెక్క. అర్ధరాత్రి నాలుక అంగిలికి అతుక్కున్నప్పుడు ఒక ఐసుముక్క నోట్లో పెట్టుకుని, అది కరిగేదాకా ఎడమ ముంజేతి మీద కుడి అరచెయ్యి పెట్టుకుంటాను. అక్కడ రక్తనాళాలు రెండింటిని కలిపి ఫిస్టులా కుట్టారు. తాకితే చర్మం కింద సన్నగా జుమ్మని అదురుతుంది. థ్రిల్ అనే ఆ అదురు ఉందో లేదో రోజూ చూసుకోమన్నారు నర్సులు. ఆగిపోతే సూది గుచ్చడానికి దారి లేదు. ఆ చీకట్లో నాకు దొరికింది 88వ కీర్తన. కీర్తనల్లో చాలావరకు ఎంత ఏడ్చినా చివర్లో ఒక వెలుతురు ముక్క ఉంటుంది. ఇందులో లేదు, చీకటితోనే అయిపోతుంది. దాన్ని ఎవరూ కొట్టెయ్యలేదు. ఆరాధనలో పాడుకునే పుస్తకంలోనే ఉంచారు. అలాంటి ప్రార్థనకు చోటున్న విశ్వాసంలో నా బామ్మర్ది కోపానికి కూడా చోటుంది. ఆ మాట వాడితో అంటే ఒప్పుకోడు.

తమ్ముడు: తోడు ఇయ్యడానికి దేవుడే ఎందుకు? మనుషులు సాలరా? మన ముత్తాత మెదక్ చర్చికి రాళ్లు మోసిండని తాత చెప్తుండె గదా. కరువుల ఆయన్ని బతికించింది ఏంది? బియ్యం. తొట్టిల పండిన పిల్లగాని కథ కాదు.

అక్క: బియ్యమే. నేనెందుకు కాదంట? 1914ల మొదలైన గుడి, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది. ఆ పదేండ్లు ఎసుంటివి? దునియా అంతా యుద్ధం. 1918ల ఇన్‌ఫ్లూయెంజా వచ్చి మన దేశంలనే కోటికి పైగా జనం పోయిన్రు. ఇక్కడ చూస్తే కరువు. ఆ గుడి కట్టించిన పాస్నెట్ దొర ఊరికే అన్నం పెట్టి పంపియ్యలే, పని ఇచ్చి కూలి ఇచ్చిండు. తాత ఏమంటుండె? మా నాయన అడుక్కున్న బువ్వ తినలేదురా, కష్టం చేసుకున్న బువ్వ తిన్నడు అని ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని చెప్తుండె. ఆ దొరకు అట్ల ఎందుకు తోచింది? దేవుడు పశువుల తొట్టిల పుట్టిండని నమ్మినోనికి, ఎండిన డొక్కను దాటిపోవుడు కష్టం. బియ్యం ఒక దిక్కు, కథ ఒక దిక్కు కాదు.

తమ్ముడు: నమ్మనోళ్లు గూడ పెడతరు.

అక్క: పెడతరు. చీకటితోని లేచి ఆయన్ని బండి మీద కూసోబెట్టుకుని పోయేది నువ్వే గదా. సంఘమోళ్లు ఒకట్రెండుసార్లు వచ్చిన్రు, నువ్వు విడిచిపెట్టలే. నేను దాన్ని చిన్నగ చేసి మాట్లాడుతలేను.

వాడు దానికేమీ అనలేదు. మా ఆవిడ వేలూరు ఆసుపత్రి మాట ఎత్తింది. 1900లో ఐడా స్కడ్డర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆ ఆసుపత్రికి, మన తెలుగువాళ్లు ఎప్పటి నుంచో కాట్పాడిలో రైలు దిగి పోతున్నారు. ఆమె చెప్పదలచుకున్నది అక్కడి డాక్టరు మేరీ వర్గీస్ గురించి.

అక్క: 1954ల కారు బోల్తాపడి ఆమెకు నడుము కింద చచ్చుపడ్డది. అప్పటికి చిన్న వయసు. ఎంతమంది ప్రార్థన చేసి ఉంటరు, ఆమె ఎంత చేసుకుని ఉంటది? కాళ్లు రాలే. చక్రాల కుర్చీల కూసుండే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. తర్వాత అమెరికా పోయి సదువుకుని వచ్చి, తన అసుంటోళ్లను మళ్లీ బతుకుల నిలవెట్టే విభాగం వేలూరుల నడిపింది. ఆమె నిరీక్షణ ఉత్తదా?

తమ్ముడు: ఆమె సదువు ఆమెను నిలవెట్టింది.

అక్క: సదువు చేతులకు పని నేర్పింది. పొద్దున లేచి ఆ కుర్చీలకు మారాలన్న ఇష్టం ఎక్కడికెళ్లి వచ్చింది? నేను రోజూ అడుక్కునేది అదే. ఆయన కిడ్నీలు మళ్లీ పనిచేయాలని మొదట్ల అడిగిన. ఇప్పుడు గూడ మనసుల ఉంటది, అబద్ధమెందుకు. గని పొద్దుగాల కూరగాయలు తరిగి నానబెట్టి, ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఉడకబెట్టేటప్పుడు ఇది వట్టి పని కాదని నాకు అనిపియ్యాలె. అనిపిస్తున్నది.

తమ్ముడు: అందుకేనా నీ కిడ్నీ ఇస్తనంటున్నవు? నేను పైసల గురించి అడుగుతలేను. బతికుండంగ కిడ్నీ ఇచ్చేటోళ్లల్ల మన దేశంల ఎక్కువమంది ఆడోళ్లే. తీసుకునేటోళ్లల్ల మొగోళ్లు ఎక్కువ. త్యాగం త్యాగం అని చర్చిల ఆడోళ్లకే చెప్తరు, ఇంట్ల ఆడోళ్లకే చెప్తరు. నీ పెయ్యి గురించి ఎవడన్న అడిగిండా?

అక్క: నువ్వన్నది నిజం. ఆ మాట చర్చిల నిలవడి అనాలె. గని నా సంగతి వేరే. ఆయన వద్దే వద్దన్నడు, నెల రోజులు నాతోని సరిగ్గ మాట్లాడలే. డాక్టర్లు నన్నొక్కదాన్నే కూసోబెట్టి అడిగిన్రు, ఎవరన్న బలవంతం చేస్తున్నరా, భయముందా అని. భయముంది, బలవంతం లేదన్న. క్రాస్‌మ్యాచ్ రిపోర్టు ఇంకా రాలే. కుదరకపోతే సర్కారు అవయవదానం జాబితా, జీవన్‌దాన్‌ల పేరు ఉంటది. వరుసల ఉంటం.

తమ్ముడు: కుదిరినా గూడ అది శాశ్వతం కాదక్కా. పది, పదిహేనేండ్లు పనిచేస్తే మంచిగ చేసినట్టు. బతికినన్ని దినాలు గోళీలు మింగాలె.

అక్క: లాజరును లేపినప్పుడు ఏసయ్యకు తెల్వదా, ఈయన మళ్లొకనాడు పోతడని? తెలిసే సమాధి కాడ ఏడ్చిండు, తెలిసే లేపిండు. ఎన్నేండ్లయితే ఏందిరా, మార్త, మరియ తమ్మునితోని మళ్లీ కూసుండి బువ్వ తిన్నరు. పదేండ్లు చిన్నవా? మన పిల్ల పెండ్లీడుకు వస్తది. దాని అవతల ఏముందంటే, నేను అమ్మను చూస్త. కాలు బాగున్న అమ్మను. ఇది నేను నూరు శాతం నమ్ముతున్న. ఏసయ్య మళ్లీ వస్తడని ఎదురుచూసే నెల గదా ఇది.

తమ్ముడు: నాకు అది నమ్మబుద్ధి కాదు. నమ్మినట్టు యాక్టింగ్ చెయ్య.

అక్క: చెయ్యకు. అమ్మ పోయినప్పటి నుంచి ఈ ఇంట్ల అబద్ధం ఆడనోడివి నువ్వొక్కడివే.

అప్పుడు గురువారం మాట వచ్చింది. పండుగనాడు నేను ఆరాధనలో తప్పకుండా ఉండాలని, ఆ రోజు డయాలిసిస్ బుధవారానికి మార్చమని అడుగుదామని మా ఆవిడ మనసులో ఉంది. వాడు అంతెత్తున లేచాడు. మంగళవారం, బుధవారం వెంట వెంటనే ఎక్కి మళ్లీ శనివారం దాకా ఉంటే ఒంట్లో నీరు ఎంత పేరుకుంటుంది, పొటాషియం ఎక్కడికి పోతుంది అన్నాడు. నిజానికి శని నుంచి మంగళ దాకా ఉండే ఆ ఎక్కువ విరామమే మాకు గండం. నేను మంచం మీద లేచి కూర్చున్నాను. గురువారం గురువారమే పోతాను అన్నాను. మిషన్ మీద నాలుగు గంటలు నాకు ఏ పనీ లేదు, లూకా రెండో అధ్యాయం అక్కడే చదువుకుంటాను. ఇరవై నాలుగు రాత్రి ఆరాధనకు ఒంట్లో ఓపిక ఉంటే కుర్చీ వేసుకుని వెనక కూర్చుంటాను.

ఇంకో మాట కూడా చెప్పాను. క్యారల్స్ రౌండ్స్‌కు యూత్ పిల్లలు మన గల్లీకి వస్తారు. రానివ్వండి, డోలు కొట్టనివ్వండి, పక్కింటామె కూడా వచ్చి వింటుంది. ప్రార్థన చేసేవాళ్లకు మాత్రం ముందే చెప్పండి, ఈ రోగం ఈ క్షణమే పోయింది అని నా తల మీద చెయ్యి పెట్టి ప్రకటించొద్దని. క్రాస్‌మ్యాచ్ కుదరాలని చేయండి. నాకు సూది గుచ్చే నర్సు కోసం చేయండి, పండుగనాడు ఇల్లు వదిలి వస్తుంది. ఆ పిల్లగాడి తల్లి కోసం చేయండి.

అక్క: ఆమె పేరేంది?

నాకు తెలియదు. వారానికి మూడు పొద్దులు ఆమె మా ఎదురుగా బెంచీ మీద టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఒకరినొకరు చూసి తలూపుకునేవాళ్లం, అంతకుమించి మాట కలవలేదు.

తమ్ముడు: నర్సులు ఫోన్ నంబరు ఊరికే ఇయ్యరు. మంగళవారం బావను దింపినప్పుడు నేనే అడుగుత. వాళ్ల తరఫున ఫోన్ చేసి ఆమెను అడగమంట.

అక్క: పండుగ సాయంత్రం ఇంత వండుకుని పోదామనుకుంటున్న. పాటల్లేవు, ప్రసంగం లేదు.

తమ్ముడు: ముందు రావొచ్చా అని అడగాలె. ఆమె వద్దంటే పోవద్దు.

అక్క: వద్దంటే పోను.